కాఫీ సిద్ధం

పిండి కలిపి, పొంగడానికి గుడ్డ కప్పి, సిర్కా పత్రిక తెరిచింది. పుట్టినరోజుల పేజీలో భర్త వేయించిన ప్రకటన ఉంది. "శనివారంతో యాభై నిండుతాయి. ఇంట్లోనే ఉంటాను. కాఫీ సిద్ధం. ఓస్మో."

ఆ ఉత్తరదేశపు పల్లెల్లో యాభయ్యో పుట్టినరోజుకు ఎవరినీ పిలవరు. ఊరంతా తనంతట తనే వస్తుంది. ఎవరూ రావద్దనుకున్నవాడు ఆ రోజు ఊళ్లో ఉండనని పత్రికలో వేయించాలి. అలాగే వేయించమని సిర్కా ముందే బతిమాలింది. "సరేలేవే" అన్నాడు.

సిర్కా ఎముకల మూలుగకు పట్టిన క్యాన్సరుకు, రక్తాన్ని పుట్టించే ఆమె మూలకణాలే తీసి దాచారు. మందులతో మూలుగంతా చంపి, వాటినే తిరిగి ఎక్కించారు. ఇంటికొచ్చి నెల కాలేదు. "లింఫోసైట్లు ఇంకా లేవలేదమ్మా," అంది డాక్టరమ్మ ఫోనులో. "రోగాల్ని ఎదుర్కొనే కణాలవి. అవి తొందరగా లేచినవాళ్లే ఎక్కువకాలం బతకడం చూస్తున్నాం. అందాకా జనంలోకి పోవద్దు. ఒక్క జలుబు చాలు."

ఆ మాట చెబితే ఓస్మో నవ్వాడు. "నువ్వెక్కడికీ పోవట్లేదుగా, జనమే వస్తున్నారు. అయినా కాఫీ పొయ్యడానికి కణాలెందుకే?"

అత్త హిల్యా అల్లిక మీంచి తల ఎత్తలేదు. "నీ కణాలే నీకు ఎక్కించారు, పరాయివాళ్లవి కావుగా. ఇంకా ఎందుకమ్మా ఈ నాజూకు? నేను న్యుమోనియాతో పాలు పితికాను."

పితికింది నిజమే. ఆ పాలు తాగినవాళ్లెవరూ ఆమెను పడుకోమనలేదు. ఆ కసి ఇప్పుడు కోడలి మీద తీరుతోంది. ఈ ఇంట్లో దూడకు విరేచనాలైతే వేరే కొట్టంలో కడతారు. ఓస్మో ఆ కొట్టం గుమ్మం దగ్గర బూట్లు కడుక్కుని మరీ లోపలికి పోతాడు. సిర్కా మాత్రం వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకోవాలి, ముక్కు కారే పిల్లల్ని చూసి నవ్వాలి, కప్పులు కడగాలి. తను పోతే అవే కప్పులు బయటికి తీస్తారు. మంచి మనిషి, చివరిదాకా పని చేసింది అంటారు. ఆ రోజు కాఫీ ఎవరు కాస్తారన్నదొక్కటే ఓస్మోకు బెంగ.

శనివారం మొదటి కారు చప్పుడు వినగానే సిర్కా దుప్పటి తీసుకుని, పెరటి చివర ఆవిరిస్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

కాసేపటికి ఓస్మో తలుపు బాదాడు. "సిర్కా! పెద్ద కాఫీ కూజా ఎక్కడ పెట్టి చచ్చావే?"

ఆమె దుప్పటి భుజాల చుట్టూ లాక్కుంది.

"పాస్టరుగారు కూడా వచ్చారే. అందరూ నిన్నే అడుగుతున్నారు. పరువు తియ్యకు. ఏం చెప్పమంటావు వాళ్లకి?"

"నీ పెళ్లాం బతకాలనుకుంటోందని చెప్పు."