ఒకే పెట్టెలోనా, విడిగానా

ఫిల్మ్‌నగర్‌లో సౌండు పనిచేసేవాళ్లంతా రాజ్యలక్ష్మి చెవిని నమ్ముతారు. డబ్బింగ్ చెప్పేవాడు మాట మధ్యలో గుటక మింగితే ఎక్కడ మింగాడో చెప్పి, దాన్ని కత్తిరించి, అతుకు తెలియకుండా చేయగలదు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. అలాంటి మనిషి మాటను ఒక పెద్దాయన ఏడాది వ్యవధిలో రెండుసార్లు కాదన్నాడు.

ఆయన పేరు హనుమంతు. ఉండేది యూసుఫ్‌గూడ. సినిమా హాళ్లలో గాజు బల్బుల్లాంటి వాల్వులతో శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్లు వాడే రోజుల్లో కుర్రవాడిగా వాటి రిపేర్లు నేర్చుకున్నాడు. హాళ్లు మారాయి, వాల్వులూ పోయాయి. ఆయన మాత్రం ఇంట్లో ముందు గదిని పనికి వదిలేసి, అడిగినవాళ్లకు ఇప్పటికీ వాల్వులతోనే యాంప్లిఫయర్లు చేసిపెడుతున్నాడు.

రాజ్యలక్ష్మి మొదటిసారి తన ఇంటికోసం ఆయన దగ్గరికి వెళ్లింది. షేక్‌పేట ఫ్లాటులో రికార్డులు వినడానికి టర్న్‌టేబుల్ కొనుక్కుంది. రికార్డు మీద ముల్లు పుట్టించే సిగ్నల్ చాలా సన్ననిది. దాన్ని ముందుగా పెంచి, హెచ్చుతగ్గులు సరిచేసే భాగాన్ని ఫోనో స్టేజి అంటారు. అది యాంప్లిఫయర్‌కు ముందుండే ప్రీయాంప్లిఫయర్ పెట్టెలోనే కలిసి ఉండొచ్చు, వేరే పెట్టెగానూ ఉండొచ్చు. ఏది మేలా అని రాజ్యలక్ష్మి నెల రోజులు దొరికిందల్లా చదివి, ఒక నిర్ణయానికి వచ్చే వెళ్లింది.

"నాకు ఫోనో విడిగానే కావాలండీ. అందరూ అదే మంచిదంటున్నారు."

హనుమంతు కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "టర్న్‌టేబుల్ ఏడ పెడ్తరు మేడం, ప్రీయాంప్ ఏడ పెడ్తరు?"

"ఒకే బల్ల మీదండీ. పక్కపక్కనే."

"మరి ఇంకో డబ్బా దేనికి? ఇంకో వైరు, ఇంకో నాలుగు అతుకులు. అతుకున్న కాడల్లా ఎంతోకొంత పోతనే ఉంటది. ఒక్క డబ్బాలనే కట్టిస్త. నచ్చకుంటె వాపస్ తీస్కుంట."

రెండు పెట్టెలు అమ్ముకునే వీలుండి కూడా ఒకటి చాలనే మనిషిని ఆవిడ అంతకుముందు చూడలేదు. మనసులో కాస్త చిరాకుపడుతూనే ఒప్పుకుంది. మూడు వారాలకు పెట్టె వచ్చింది. నాదస్వరం రికార్డు పెట్టుకుంటే, డోలు మీద కర్ర పడ్డాక తోలు అదిరి సద్దుమణిగేదాకా వినిపించింది. వేరే పెట్టె మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

మరుసటి ఏడు జూబ్లీహిల్స్ నుంచి కాశీవిశ్వనాథం అనే నిర్మాత కబురు చేశాడు. అరవై ఏళ్ల కిందట వాళ్ల నాన్న తీసిన సినిమాను మళ్లీ హాళ్లలో విడుదల చేయాలని ఆయన కోరిక. బొమ్మ బాగానే ఉంది కానీ, పాటల టేపులు చెమ్మకు పాడయ్యాయి. మిగిలినవి ఇంట్లో దాచుకున్న రికార్డులే. వాటి నుంచి పాటలు కంప్యూటర్లోకి ఎక్కించే పని రాజ్యలక్ష్మికి అప్పగించి మూడు వారాలు గడువిచ్చాడు.

ఆవిడ నేరుగా హనుమంతుకు ఫోన్ చేసింది. "అచ్చం మా ఇంట్లో ఉన్నదానిలాంటిదే ఇంకొకటి చేయండి. స్టూడియోకి."

"ముందుగాల జాగ జూపెట్టుండ్రి."

స్టూడియోలో టర్న్‌టేబుల్ ఒక మూల రాతిపలక మీద ఉంది. మిగతా యంత్రాలన్నీ ఎదుటి గోడ దగ్గర. హనుమంతు ఆ మూల నుంచి ఈ గోడ దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాడు.

"ఒక్క డబ్బా గీడ పనికి రాదు మేడం. ముల్లు నుంచి వచ్చేది పసిపిల్ల లెక్క. గింత దూరం ఒంటరిగ నడిపిస్తే తొవ్వల ఉన్న కరెంటు వైర్లన్నీ దాన్ని సతాయిస్తయ్. ఫోనో వేరే చేసి టర్న్‌టేబుల్ పక్కనే పెడదాం. జర బలం వచ్చినంక యాడికైనా పోతది."

రాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది. "విడిగా వద్దని పోయినేడు మీరే కదండీ అన్నారు?"

"పోయినేడు జాగ వేరే ఉండె."

పదో రోజున పెట్టె తెచ్చాడు. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక పాట విని, చాలా బాగుందంది. ఆయన కదల్లేదు. పాట మొదలవకముందు ముల్లు ఊరికే తిరిగే చోటు ఉంటుంది కదా, అది పెట్టమన్నాడు. తానూ విన్నాడు. విని, హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"కింద గుయ్యిమంటుంది. ఇనబడ్తలేదా?"

ఆయన చెప్పాక వినిపించింది. ఎక్కడో అడుగున, దూరంగా తేనెటీగ ఉన్నట్టు. ఇరవై ఏళ్ల అనుభవమున్న చెవికి అందనిది ఆయనకు అందింది.

"తప్పు నాదే మేడం. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గీ డబ్బాలనే పెట్టిన, గుయ్యిమనేది గదే. జాగ కలిసొస్తదనుకున్న."

"పరవాలేదండీ. కంప్యూటర్లో తీసేస్తాను. అయిదు నిమిషాల పని."

"గది తీస్తే దాంతోని ఇంకేం పోతది?"

ఆవిడ హెడ్‌ఫోన్స్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఏం పోతుందో తెలుసు. మృదంగం ఎడమవైపు పలికే గంభీరమైన నాదం పోతుంది. ఎవరూ పట్టుకోలేరు, అంతే.

ఆయన పెట్టెను సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. నాలుగో రోజున మళ్లీ వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంకో చిన్న పెట్టెలోకి మార్చి, పొడవాటి వైరు కట్టి, దూరంగా బల్ల కింద పెట్టాడు. ఈసారి ముల్లు తిరుగుతుంటే రికార్డు గరగర తప్ప ఇంకేమీ లేదు.

వినడానికి కాశీవిశ్వనాథం కూడా వచ్చాడు. చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆవిడ ఇప్పుడే ఇక్కడ నిలబడి పాడుతున్నట్టుందండీ."

ఊపిర్లు కత్తిరించడమే రాజ్యలక్ష్మి వృత్తి. ఆ ఊపిరిని మాత్రం ముట్టుకోలేదు. టైటిల్స్‌లో హనుమంతు పేరు వేయాలని అక్కడే అడిగింది. నిర్మాత సంతోషంగా ఒప్పుకున్నాడు.

విడుదల రోజు మార్నింగ్ షోకు హనుమంతును, ఆయన భార్య అనసూయమ్మను ఆవిడే కారులో తీసుకెళ్లింది. తెర మీద పేరు పడగానే అనసూయమ్మ భర్త చెయ్యి పట్టి ఊపింది. "జూడు, నీ పేరే! జూసినవా?"

"చూసిన, చూసిన," అన్నాడాయన. చూపు మాత్రం తెర మీద లేదు. తల ఒక పక్కకు వాల్చి వింటున్నాడు. మొదటి పాట అయ్యాక రాజ్యలక్ష్మి వైపు వంగాడు.

"కుడి దిక్కు స్పీకరు జర తక్కువ పలుకుతుంది మేడం."

ఆవిడ చెవి పెట్టింది. నిజమే.

ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే ఆయన లేచి ఆపరేటర్ గది ఎక్కడని అడుగుతూ మెట్లెక్కాడు. తన చేతిసంచిని అనసూయమ్మకు అప్పజెప్పి రాజ్యలక్ష్మి కూడా ఆయన వెనకాలే ఎక్కింది.