తుప్పు బ్యాండు మూడో ఆల్బమ్

తుప్పు బ్యాండు ఆల్బమ్‌లన్నీ వేసవిలోనే తయారయ్యాయి. దాని వెనక కళకి సంబంధించిన కారణమేదీ లేదు. ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. డ్రమ్మర్ తాతబాబు ఒడ్డున ఉండేది ఆ రెండు నెలలే. మిగతా ఏడాదంతా బోటు ఎప్పుడు వెళ్తుందో, ఎప్పుడు వస్తుందో బోటు యజమానికీ ఇంజనుకీ తప్ప ఎవరికీ తెలియదు.

బాస్ గిటార్ వాయించే స్టెఫీకి ఈ ఏర్పాటు బాగానే ఉండేది. ఆమె గాజువాకలో ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సెలవులు వేసవికని దాచుకునేది. పాటలు రాసి, పాడి, గిటార్ వాయించే శుభాకర్‌కి మాత్రం బాగుండేది కాదు. అతనికి త్వరగా పేరు రావాలి. వాళ్ల నాన్న జాన్ పాల్ స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. ఉక్కునగరం క్వార్టర్లో వెనకగది వీళ్లకి వదిలేశాడు. షిఫ్టు దిగొచ్చి తను పడుకున్నప్పుడు తప్ప ఎప్పుడైనా వాయించుకోమన్నాడు.

బ్యాండుకి పేరు పెట్టింది తాతబాబు. అమ్మవారి పండగ ఊరేగింపుల్లో డ్రమ్ములు కొట్టే బ్యాచ్ నుంచి వచ్చిన మనిషి. మొదటి రోజు శుభాకర్ గిటార్ తీగల మీద వేలు రాసి, ఎర్రగా అంటుకున్నది చూసుకుని, "ఏటి బావా, తుప్పు వాయిత్తన్నావా?" అన్నాడు. అదే ఉండిపోయింది.

మొదటి ఆల్బమ్ 'క్వార్టర్లు'. చర్చి యూత్ వాళ్లు శ్రద్ధగా విని, మీ కోసం ప్రార్థన చేస్తామన్నారు. రెండో ఆల్బమ్ 'ఐసు'. అందులో హార్బర్లో ఐసు దొరకని రోజు మీద ఒక పాట ఉంది. అది ఎలా పాకిందో గాని బోట్లన్నిటిలో మోగింది. రాక్ పాటని అక్కడెవరూ అనుకోలేదు, ఐసు ఫ్యాక్టరీ మీద ఫిర్యాదనుకున్నారు. అయినా మోగింది. స్టెఫీ ఆ ఏడాదంతా సంతోషంగా ఉంది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో తాతబాబు ఎక్కిన బోటు తిరిగి రాలేదు.

అతని తల్లి గురువమ్మ రోజూ జెట్టీ దగ్గర చేపలు అమ్ముతూనే సముద్రం వైపు చూసేది. డ్యూటీ లేనప్పుడల్లా స్టెఫీ వెళ్లి పక్కన కూర్చునేది. చివరికి మత్స్యశాఖ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇంజను ఆగిపోయి బోటు అవతలి దేశం నీళ్లలోకి కొట్టుకుపోయింది, అక్కడి కోస్టుగార్డు పట్టుకుంది, అందరూ జైల్లో క్షేమంగా ఉన్నారు. గురువమ్మ ఉన్నచోటే కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "జైలే కదా, నీలు కాదు కదా," అని గంప ఎత్తుకుంది.

ఏప్రిల్ వచ్చింది. హైదరాబాద్ నుంచి డ్రమ్మర్‌ని పిలుద్దామన్నాడు శుభాకర్.

"వద్దు. తాతబాబన్నకి జాగా ఖాళీగా వదిలేసి వాయిద్దాం. వచ్చాక కూర్చుని కొట్టుకుంటాడు," అంది స్టెఫీ.

"ఎప్పుడొస్తాడు?"

"వచ్చినప్పుడు."

అలాగే చేశారు. డ్రమ్ములు ఒంటరిగా మోగాల్సిన చోట్ల ఇద్దరూ ఆగిపోయి ఊరుకునేవాళ్లు. స్టెఫీ మనసులో దెబ్బలు లెక్కపెట్టుకుని మళ్లీ అందుకునేది. పాటలన్నీ కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో పెట్టి, ఎవరూ కదపకుండా దానికి 'తాతబాబు కోసం' అని పేరు పెట్టింది.

శుభాకర్ ఓపిక జూన్ దాకా ఆగింది. ఒకరోజు స్టెఫీ డ్యూటీలో ఉండగా పాటల్ని ఉన్నవున్నట్టు, ఆ పేరుతోనే, నెట్‌లో పెట్టేశాడు.

బెంగళూరు నుంచి వచ్చే ఒక ఆన్‌లైన్ పత్రిక దాని గురించి పెద్ద వ్యాసం రాసింది. కడలిలో కలిసిపోయిన మిత్రుడికి ఇంతకన్నా గొప్ప నివాళి ఈ దేశపు రాక్ సంగీతంలో లేదంది. ఆ మౌనాల్లో మృత్యువు వినిపిస్తోందంది. ల్యాబులో భోజనం డబ్బా ముందు కూర్చుని స్టెఫీ అది చదివి శుభాకర్‌కి ఫోన్ చేసింది.

"బతికే ఉన్నాడని రాయి వాళ్లకి."

"రాస్తాను. ఈ పుణే ప్రోగ్రాం ఒకటి అయిపోనీ."

పుణే అయ్యాక బెంగళూరు వచ్చింది, బెంగళూరు అయ్యాక కొచ్చి. స్టేజి మీద డ్రమ్ములుండేవి, కొట్టే మనిషి ఉండేవాడు కాదు. మౌనం రాగానే జనం లేచి నిలబడి ఫోన్ లైట్లు వెలిగించేవాళ్లు. స్టెఫీ తలొంచుకుని లెక్కపెట్టుకునేది. జనానికది దుఃఖంలా కనిపించేది. మౌనం తర్వాత వచ్చే చప్పట్లు ఆమెకి బాగుండేవి. అవి బాగుండటమే ఆమెకి బాగుండేది కాదు.

అక్టోబరులో ఆ పత్రిక నుంచి అనూరాధ అనే విలేఖరి విశాఖ వచ్చింది. తాతబాబు తల్లిని చూడాలంటే స్టెఫీ కాదనలేక తీసుకెళ్లింది. అనూరాధ గురువమ్మ చేతులు పట్టుకుని, "మీ అబ్బాయి లేని లోటు మాకు అర్థమవుతోందమ్మా," అంది.

"నీకేటి అర్థమవుద్దే? ఆడికి సేప లేందే ముద్ద దిగదు. అక్కడ పప్పే ఎడతన్నారంట," అంది గురువమ్మ.

అనూరాధ స్టెఫీ వైపు చూసింది. స్టెఫీ ఉన్నదంతా చెప్పేసింది. ఆ పత్రిక సవరణ వేసింది గాని, వ్యాసం చదివినంతమంది దాన్ని చదవలేదు.

డిసెంబరులో జాలర్లని వదిలిపెట్టారు. తాతబాబు సగమైపోయి రైలు దిగాడు. ఇంట్లో తిని పడుకుని లేచి, తిన్నగా ఉక్కునగరం వచ్చాడు. శుభాకర్ తలుపు తీసి, టీ పెట్టడానికి లోపలికెళ్లిపోయాడు. తాతబాబు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆల్బమ్ మొత్తం విన్నాడు. మౌనాల్లో అతని వేళ్లు మోకాళ్ల మీద ఆడుతూనే ఉన్నాయి.

"నాను సచ్చిపోనానని సెప్పీసినారంట కదేటి," అన్నాడు.

"చెప్పలేదన్నా. వాళ్లే అనుకున్నారు. మేము కాదన్లేదు," అంది స్టెఫీ.

అతను హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. "రెండో పాటలో నాకు సోటు సాల్లేదు సెల్లెమ్మా. నువ్వు తొందరపడిపోనావు."

"భయమేసిందన్నా. అంతసేపు ఏమీ వినపడకుండా ఉంటే."

"నాకూ అలాగే ఉండీది," అన్నాడు తాతబాబు. స్టెఫీకి కళ్లు నిండిపోయాయి. అంతలో శుభాకర్ టీ తెచ్చాడు. అందులో పంచదార మరిచిపోయాడని ఎవరూ అనలేదు.

జనవరిలో బీచ్ రోడ్డులో ప్రోగ్రాం. ఏర్పాట్లు చూసిన గురునాథరావుకి శుభాకర్ ఫోన్ చేసి, తాతబాబు కూడా వస్తున్నాడని చెప్పాడు. ఆత్మ రూపంలో వస్తున్నాడని ఆయన అర్థం చేసుకున్నాడు. డ్రమ్మర్ స్టూలు మీద తాతబాబు ఫొటో పెట్టించి, బంతిపూల దండ వేయించి, దీపం వెలిగించాడు.

తాతబాబు స్టేజి ఎక్కి, స్టూలు మీది ఫొటో చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇదెక్కడిది?"

"ఆధార్ కార్డులోది," అన్నాడు గురునాథరావు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"బాగాలేదు," అని ఫొటో ఆయన చేతికిచ్చి, దీపం పక్కకి జరిపి కూర్చున్నాడు.

మొదటి మౌనం రాగానే జనం ఫోన్లు పైకెత్తారు. తాతబాబు కొట్టడం మొదలెట్టాడు. నెలల తరబడి ఆకాశానికీ గోడకీ ఎదురుగా దాచుకున్న దెబ్బలన్నీ బయటికొచ్చాయి. లైట్లు ఒకటొకటే ఆరిపోయాయి. కాలేజీ కుర్రాడొకడు ముందుకొచ్చి స్టేజి అంచు పట్టుకుని, "బ్రదర్, తాతబాబు గారి మీద గౌరవం ఉంటే ఆపండి," అన్నాడు.

"ఉంది," అన్నాడు తాతబాబు, కొడుతూనే.

వచ్చినవాళ్లలో సగంమంది వెళ్లిపోయారు. స్టెఫీ అది చూడలేదు. మొన్నటిదాకా ఒంటరిగా లెక్కపెట్టుకున్న చోట ఇప్పుడు లెక్క అక్కర్లేదు. కళ్లు మూసుకుని వాయించింది. వెనక నుంచి వచ్చే దెబ్బ ఆమె అరికాళ్లకి తగులుతోంది.

నాలుగో ఆల్బమ్ పేరు 'వచ్చీసినాడు'. మొదటి నుంచి చివరిదాకా డ్రమ్ములే. బెంగళూరు పత్రిక, ఈ బ్యాండు తన విషాదాన్ని పోగొట్టుకుందని విచారించింది. కొచ్చి వాళ్లు, పుణే వాళ్లు మళ్లీ పిలవలేదు. శుభాకర్ కొన్నాళ్లు మంచమెక్కి, లేచి, పిల్లలకి గిటార్ నేర్పడం మొదలెట్టాడు.

వేట నిషేధం ముగిసిన రోజు ముగ్గురూ జెట్టీ మీద కూర్చున్నారు. బోట్లలోకి డీజిలు, ఐసు ఎక్కిస్తున్నారు.

"అయిదోదానికైనా పేరు రావాలంటే ఏం చేద్దామంటావు?" అన్నాడు శుభాకర్.

"ఈపాలి నువ్వెల్లు బావా. బోటులో సోటుంది," అన్నాడు తాతబాబు.

శుభాకర్ నిజంగానే ఆలోచించాడు. తర్వాత, తనకి అలల మీద వాంతులవుతాయని చెప్పాడు.