వీపు లేని కోటు

నేను ఒక నల్ల కోటును. ముందు నుంచి చూస్తే దొరబాబును, వెనక నుంచి చూస్తే నాలుగు జతల నాడాలను. గురుమూర్తి గారి ఫోటో స్టూడియో కోసం ఖాదర్ సాయిబు నన్ను కుట్టాడు. కుట్టిన చేత్తోనే వీపు నిలువునా కోసేసి నాడాలు పెట్టాడు. బక్కవాడు వస్తే బిగించి కట్టాలి, లావుపాటివాడు వస్తే వదులు చెయ్యాలి. ఫోటోలో వీపు పడదు కదా!

అలా ముప్పై ఏళ్లు ఊళ్లో మగాళ్లందరికీ కాసేపు దర్జా అరువిచ్చాను. సంబంధాలకు పంపే ఫోటోలన్నిటిలోనూ నేనే. కింద లుంగీ ఉన్నా సరే, నన్ను తొడుక్కోగానే మెడ నిక్కించేవారు. భలే నవ్వొచ్చేది. ఒకసారి ఒకావిడ తన మొగుడికి నాడాలు తనే కట్టింది, గోనెసంచి మూతికి వేసే ముడితో. అది విప్పలేక గురుమూర్తి గారు నానా తంటాలూ పడ్డారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

స్టూడియో మూతపడ్డాక మా ఊరి మ్యూజియానికి చేరాను. అక్కడ పాతకాలపు గది ఒకటి అమర్చారు. గ్రామఫోను, గోడగడియారం, మధ్యలో మనిషంత బొమ్మ ఒకటి. ఆ గది చూసుకునే హేమలత మంచి పిల్లే. కానీ నా వీపు ఎలుకలు కొట్టేశాయనుకుని, జాలిపడి, నాడాలు లోపలికి మడిచి కుట్టించేసింది. బొమ్మకు తొడిగి ‘జమీందారు గారి కోటు’ అని అట్ట పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మొన్న ఆదివారం నూకాలమ్మ అనే ముసలావిడ వచ్చింది. ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసిన మనిషి. నా ముందు ఆగి ఇక కదల్లేదు.

“ఇది జమీందార్ది కాదమ్మా. దీనికి ఈపుండదు. మా ఆయన తొడుక్కున్నాడు, నానే ఎనకాల నాడాలు కట్టినాను. ఆ మూడో గుండీ ఒక్కటీ గోధుమ రంగుది, సూడు.”

హేమలత వంగి చూసింది. నిజమే.

“ఆ ఫోటో మీ దగ్గరుందా?”

“తుపానుకి ఇల్లే పోనాది తల్లీ. ఆయన బొమ్మ ఇంకెక్కడా లేదు. మొకం కూడా మరుపొచ్చేత్తంది.”

హేమలత కత్తెర తెచ్చి కుట్లు విప్పింది. నూకాలమ్మ నాడాలు అందుకుంది. నిజం చెప్పాలి, ఆయన నాకు గుర్తులేడు. వేలమందిని మోశాను. కానీ ఆవిడ బిగించిన ముడి మాత్రం గుర్తుపట్టాను. గోనెసంచి ముడి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

హేమలత పాత అట్ట చింపేసి కలం తీసింది. “ఆయన పేరేంటమ్మా?”

నూకాలమ్మ తలొంచుకుంది. “పెనిమిటి పేరు నోటితో సెప్పకూడదమ్మా. ఏనాడూ సెప్పనేదు.”

“మీరు చెప్పకపోతే ఇంక చెప్పేవాళ్లెవరూ లేరు కదమ్మా.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకొక్కదానికే వినబడేంత మెల్లిగా అంది.

“ఎర్రయ్య.”

హేమలతకు వినబడలేదు. మళ్లీ అడిగింది. ఈసారి నూకాలమ్మ కొంగు తీసేసి గట్టిగా చెప్పింది.