డ్రిల్ సార్ దారులు

నాందేడ్‌లో విశ్వేశ్వర్‌కు మూడు దారులుండేవి. ఇత్వారాలోని ఇంటి నుంచి ఖిల్లా గోడ పక్కగా దిగి, గోదావరి ఘాట్ల మీదుగా గురుద్వారా చుట్టి వచ్చేది ఒకటి. వజీరాబాద్ దాటి, ఆస్నా నది వంతెన మీదుగా అర్ధాపూర్ వైపు అరటితోటల్లోకి పోయేది రెండోది. దెగ్లూర్ నాకా దాటి, నది అవతలి జొన్నచేల మధ్య తిరిగి వచ్చేది మూడోది. కిరాయి సైకిల్ చక్రానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి, అదెన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి మూడింటినీ తనే కొలుచుకున్నాడు. రోజుకొక దారిలో, తెల్లవారకముందే ఉరికి వచ్చేవాడు.

అతను ఒక మరాఠీ బడిలో డ్రిల్ మాస్టర్. ఉమ్రిలో అన్న వెంకట్రావ్‌కు కిరాణా దుకాణం ఉంది. షావుకారింట పుట్టినవాడు తక్కెడ పట్టాలి గాని, నిక్కరేసుకుని ఊరి మీద ఉరుకుడేందని చుట్టాలు నవ్వేవారు. విశ్వేశ్వర్ వాళ్లకు జవాబు చెప్పేవాడు కాదు. పెండ్లయిన కొత్తలో భార్య లీలాబాయి కూడా అదే అడిగింది. ఆమెకు మాత్రం, "ఉరికితె మనసు నిమ్మళమైతది," అని చెప్పాడు. ఆమె మళ్లీ అడగలేదు.

డెబ్బై రెండులో పెద్ద కరువు వచ్చిన మరుసటేడు, చలికాలంలో, ఘాట్ మెట్లు అతనికి కనబడకుండా పోయాయి. మొదట దీపాలు తగ్గించారనుకున్నాడు. తర్వాత దారిలో పడుకున్న బర్రె మీద పడ్డాడు. అక్కడే స్నానానికి దిగుతున్న ముసలివాళ్లకు ఆ బర్రె కనబడుతూనే ఉంది. ముప్పై నాలుగేండ్ల తనకు కనబడలేదు.

ఆటల మీటింగ్ అని లీలాబాయితో చెప్పి హైదరాబాద్ పోయి, కండ్ల దవాఖానలో చూపించుకున్నాడు. డాక్టర్ చాలాసేపు చూసి, కంటి లోపలి పొర ఎండిపోతోందన్నాడు. ముందు రేచీకటి, తర్వాత చూపు అంచుల నుంచి నడుమకు కుంచించుకుంటూ వస్తుంది, చివరికి సూదిబెజ్జమంత మిగిలితే మిగులుతుంది.

"మందు?"

"లేదు. పదేండ్లు పట్టొచ్చు, ఐదే పట్టొచ్చు."

రైల్లో తిరిగి వస్తూ విశ్వేశ్వర్ కిటికీ దగ్గరే కూర్చుని దారి పొడుగునా చూశాడు. ఇంటికి వచ్చాక మీటింగ్ బాగా జరిగిందని చెప్పాడు.

ఆ తర్వాత చలి ఎక్కువైందన్న సాకుతో పొద్దెక్కాక ఉరకడం మొదలుపెట్టాడు. ఘాట్ల దారి మానేశాడు. మిగిలిన రెండు దారులూ కాళ్లకు కంఠతా వచ్చాయి. పిండిగిర్ని వాసన తగలగానే ఎడమకు మళ్లాలి, కంకర పోయి మెత్తటి దుమ్ము తగిలితే వంతెన వంద అడుగుల్లో ఉన్నట్టు. తెలిసిన దారిలో తనకే ప్రమాదమూ రాదని అతను నమ్మాడు. ఆ నమ్మకంతోనే మూడేండ్లు గడిపాడు.

జిల్లా పోటీలు దగ్గర పడ్డాయని బడి విడిచాక పిల్లలను అర్ధాపూర్ బాట మీదికి తీసుకుపోయేవాడు. పది పన్నెండు మంది వరుసగా అతని వెనుక ఉరికేవారు. నేనెక్కడ అడుగేస్తే మీరక్కడే వేయాలన్నది అతను పెట్టిన నియమం. అతని వెనుక మొదటి పిల్ల పార్వతి, తొమ్మిదో తరగతి. తండ్రి హన్మాండ్లు మర్ఖేల్ నుంచి వచ్చి జిన్నింగ్ మిల్లులో పత్తి మోసేవాడు. పార్వతి గట్టి పిల్ల, మగపిల్లల కంటే ముందుండేది.

ఒకరోజు తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. పిల్లలకు ఇంకా బాగానే కనబడుతోంది. విశ్వేశ్వర్‌కు దారి బూడిద రంగు గుడ్డ కప్పినట్టుంది. అయినా కాళ్లకు తెలుసు కదా అని వేగం తగ్గించలేదు. వెనుక నుంచి ఎవరో, "సర్, ఖడ్డా," అంటూ గుంత ఉందని మరాఠీలో అరిచారు. పిల్లలు ఆటపట్టిస్తున్నారనుకుని, మాటలొద్దు, ఉరకండి అన్నాడు. మరో నాలుగు అడుగుల్లో నేల లేకుండా పోయింది. నీళ్ల పైపుల కోసం, వాళ్లు అటు పోయిన తర్వాత తవ్విన కాలువ అది. అతను పడ్డాడు. అతని అడుగులోనే అడుగేస్తున్న పార్వతి అతని మీదుగా పోయి రాళ్ల కుప్ప మీద పడింది.

అతనికి మోకాలు గీసుకుపోయింది. ఆమెకు కుడిచేయి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది.

మర్నాడు దవాఖాన వరండాలో హన్మాండ్లు అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో బిడ్డ కోసం తెచ్చిన జొన్నరొట్టెల సంచి ఉంది.

"కూసోండ్రి సార్. మీకు గూడ దెబ్బ తాకింది గద. గా గుంత తవ్వినోళ్లను అనాలె, ఎర్ర జెండన్న పెట్టకపోయిరి. మా పిల్ల గిప్పుడు గూడ గదే మాట. సార్ ముంగటుంటె నాకేం భయం లేదు బాపూ అంటది."

విశ్వేశ్వర్ ఊరుకుంటే ఆ మాట అక్కడితో ముగిసేది. నిందంతా గుంత తవ్విన వాళ్ల మీదికే పోయేది. అతను కూర్చోలేదు.

"హన్మాండ్లు, నాకు పొద్దుగూకినంక కనబడది. మూడేండ్లాయె. డాక్టర్ చెప్పిండు."

హన్మాండ్లుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా అడిగాడు.

"ఎరికుండే తీస్కపోయినవా?"

అంతకుముందు దాకా ఉన్న మీరు అన్న పిలుపు ఆ మాటలో లేదు. విశ్వేశ్వర్ అది గమనించాడు, సరైనదే అనుకున్నాడు.

"ఎరికుండే."

హన్మాండ్లు సంచి తీసుకుని లోపలికి పోయాడు.

అదే రోజు విశ్వేశ్వర్ తన చూపు సంగతి హెడ్‌మాస్టర్‌కు కాగితం మీద రాసిచ్చాడు. ఆయన మంచివాడే, రెండుసార్లు చదివి, చూపున్నన్నాళ్లు పగటిపూట పుస్తకాల గది చూసుకొమ్మన్నాడు. సాయంత్రం లీలాబాయికి చెప్పాడు. ఆమె ఏడవలేదు. బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది.

"పరాయి పిల్ల చెయ్యి ఇరిగితె గాని నాకు చెప్పాలనిపియ్యలే మీకు."

రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. మూడో రోజు పార్వతిని చూసిరావడానికి తనే దవాఖానకు పోయింది. చెయ్యి అతుకుతుంది గాని కొంచెం వంకర ఉంటుందన్నారని వచ్చి చెప్పింది.

సంగతి తెలిసి వెంకట్రావ్ ఉమ్రి నుంచి వచ్చాడు. తమ్ముడి ఎదుట కూర్చున్నాడు.

"ఉమ్రికి రార విశ్వా. దుకాణంల కూసుండు. ఆడ నిన్నెవ్వడు ఉరుకుమనడు."

"అందుకే రాను అన్నా," అన్నాడు విశ్వేశ్వర్.

అలా అన్నాడే గాని, ఉరకడం మానేశాడు. బడికి పోవడం, పుస్తకాల గదిలో కూర్చోవడం, ఇంటికి రావడం. ఎనిమిది నెలలు గడిచాయి. పొట్ట వచ్చింది, తిండి తగ్గింది. పొద్దున లేచి కాళ్లు ముడుచుకుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. చూపు రోజుకింత తగ్గుతోంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడితే చేతులు కనబడేవి కావు.

లీలాబాయి ఇది కొన్నాళ్లు చూసింది. తర్వాత పక్కింటి సుందరాబాయి దగ్గర తొమ్మిది గజాల చీర అడిగి తెచ్చుకుని, మరాఠీ ఆడవాళ్లలాగా గోచి పోసి కట్టుకోవడం నేర్చుకుంది. గంటకింత అని కిరాయికి సైకిల్ తీసుకుని, తెల్లవారుజామున మైదానంలో తొక్కడం మొదలుపెట్టింది. ముప్పై ఆరేండ్ల ఆడమనిషి పడిలేస్తుంటే పాలకు పోయేవాళ్లు నిలబడి చూసేవారు. మోచేతులు దోక్కుపోతే పసుపు పూసుకునేది. వంటింట్లో కాలిందని మొగుడికి చెప్పింది. అబద్ధం చెప్పడంలో ఇద్దరి లెక్క సరిపోయిందని సుందరాబాయితో అన్నదట.

ఒక ఆదివారం పొద్దున వాకిట్లో గజ్జెల చప్పుడైంది. విశ్వేశ్వర్ బయటికి వచ్చాడు. లీలాబాయి పట్టుకున్న సైకిల్ వెనుక క్యారియర్‌కు గజ్జెలున్న ఎడ్ల మెడపట్టెడ కట్టి ఉంది.

"ఏందిది?"

"నేను ముంగట పోత. మీరు సప్పుడెంబడి ఉరుకుండ్రి. గుంతొస్తె రెండు సార్లు బెల్లు కొడ్త, ఆగాల్నంటె ఆపకుండ కొడ్త."

"నవ్వుతరు లీలా."

"నవ్వనీయండ్రి. నిక్కరేసుకున్నప్పుడు నవ్వలేదా?"

మొదటి రోజు వజీరాబాద్ దాకా కూడా పోలేకపోయారు. బెల్లు ఒకసారి కొట్టిందో రెండుసార్లో తెలియక అతను ఆగిపోయాడు, ఆమె ముందుకు పోయింది. తిరిగి వచ్చి చూస్తే రోడ్డు నడుమ చేతులు చాచి నిలబడి ఉన్నాడు, చుట్టూ టాంగావాళ్లు. ఇంటికి వచ్చాక పెద్ద గొడవైంది. ఇంకెప్పుడూ రానన్నాడు. మర్నాడు లేచి, నిక్కర్ ఎక్కడ పెట్టావని అడిగాడు.

నెల తిరిగేసరికి ఆస్నా వంతెన దాకా పోయివచ్చారు. రెండు నెలలకు అరటితోటలు. మొగుణ్ణి ఎద్దులెక్క తోలుకపోతున్నదని చాయ్ హోటల్ దగ్గర కొందరన్నారు. కొన్నాళ్లకు వాళ్లే గజ్జెలు వినబడగానే బండ్లు పక్కకు తీయసాగారు. కిరాయి సైకిల్ వాడు వేరొకరికి ఇవ్వకుండా పొద్దున ఐదింటికి దాన్ని తుడిచి ఉంచేవాడు.

ఒకరోజు అరటితోటల నుంచి తిరిగి వస్తూ వంతెన మీద ఆమె వేగం తగ్గించింది. బెల్లు కొట్టలేదు. కాసేపటికి మళ్లీ తొక్కింది.

"ఎవరు?" అన్నాడు వెనుక నుంచి.

"హన్మాండ్లు. బిడ్డను సైకిల్ మీద బడికి తోలుకపోతుండు."

"ఏమన్నడు?"

"ఏమనలే. పక్కకు జరిగిండు."

"చెయ్యి?"

"వంకరనే ఉన్నది. పుస్తకాల సంచి ఎడమ చేత్తోని పట్టుకున్నది."

విశ్వేశ్వర్ గజ్జెల వెంట ఉరుకుతూనే ఉన్నాడు. ఆ బరువు అతనితోనే ఉంది. దాన్ని దించుకోవాలని కూడా అతను చూడలేదు.

పందొమ్మిది వందల ఎనభై వచ్చేసరికి పగలు కూడా సన్నటి వెలుగు తప్ప ఏమీ మిగల్లేదు. బడి విడిచిపెట్టాడు. లీలాబాయి ఇంటి ముందు గదిలో నోటుబుక్కుల దుకాణం పెట్టింది. అతను కాగితం తడిమి ఏ రకమో చెప్పేవాడు. పొద్దున పూట ఉరకడం మాత్రం మానలేదు.

ఒక వానాకాలం ఆస్నా పొంగి వంతెన మునిగింది. లీలాబాయి నీళ్ల అంచున కాలు ఆనించి కాసేపు చూసి, సైకిల్‌ను ఎడమ వైపు మట్టిబాటలోకి తిప్పింది. అరికాళ్ల కింద నేల మారగానే విశ్వేశ్వర్ ఆగిపోయాడు.

"ఇది మన దారి గాదు."

"గాదు."

"ఎటు పోతది?"

"నాకు గూడ తెల్వది. రెండు దిక్కుల పసుపు చేండ్లున్నయి. బాట గట్టిగనే ఉన్నది."

అతను కాలితో నేలను రుద్ది చూశాడు. తడిసిన రేగడి, వేళ్ల సందుల్లోకి పాకుతోంది.

"మెల్లగ తొక్కు," అన్నాడు.

గజ్జెలు కదిలాయి. అతను వాటి వెంట పోయాడు.