పగటి నెత్తురు

మా పేటలో పిల్లలు అన్నం తినకపోతే తల్లులు బూచాణ్ణి పిలవరు, నన్ను పిలుస్తారు. "అదుగో, రెబెకమ్మ సూది పట్టుకుని వచ్చేస్తోంది" అంటారు. వాళ్ళ తప్పేం లేదులెండి. రాత్రి ఎనిమిదిన్నర దాటాక తలుపులు కొట్టి, నిద్రపోతున్నవాళ్ళని లేపి, వేలి కొస పొడిచి, మూడు చుక్కల నెత్తురు గాజుపలక మీద పూసుకుపోయేదాన్ని ఎవరు ముద్దుచేస్తారు? ఇరవై మూడేళ్ళుగా ఇదే నా ఉద్యోగం. ఫైలేరియా యూనిట్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బోదకాలు తెచ్చే పురుగులు ఎవరి ఒంట్లో ఉన్నాయో వెతికి పట్టుకుంటాను.

"పగలొచ్చి తీసుకోవచ్చు కదండీ, బంగారంలాంటి నిద్దర పాడుచేసేరు" అని అడగని ఇల్లు లేదు. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. తల్లి పురుగు ఒంట్లో ఎక్కడో ముడుచుకుని ఉంటుంది. దాని పిల్లలు కంటికి ఆనని దారప్పోగులు. పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. మనిషి పడుకున్నాక, దోమ కుట్టే వేళకి, చర్మం కిందికి వచ్చి కాచుకుంటాయి. లోపల గడియారం లేదు, కిటికీ లేదు. అయినా వేళ తప్పవు. శిక్షణలో మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళయినా ఆ జలదరింపు పూర్తిగా పోలేదు.

మా పేట గోదావరి పాయ ఒడ్డున ఉంది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అంటే వేరే సర్కారు. అవతల కేసొస్తే ఇవతలినుంచి వచ్చిందంటారు. ఇవతల వస్తే మేం అవతలి ఒడ్డుకేసి చెయ్యి చూపిస్తాం. దోమకి మాత్రం వంతెనతో పని లేదు.

మా సందులో రెండేళ్ళు ఒక్క కేసు లేదు. పోయిన ఆగస్టులో ఒకటి వచ్చింది. మైక్రోస్కోపులో ఊదారంగు పోగు ఒకటి మెలి తిరిగి పడుంది. పలక మీద నంబరు చూశాను. రిజిస్టరులో పేరు చూశాను. జాయ్, ఏడేళ్ళు.

జాయ్ నా మనవరాలు. మా అమ్మాయీ అల్లుడూ కువైట్లో ఒకే ఇంట్లో వంటమనిషీ డ్రైవరూ. పిల్లని నా చేతుల్లో పెట్టి వెళ్ళారు. ఆ వేలు పొడిచింది నేనే. పొడుస్తుంటే "మెల్లిగా అమ్మమ్మా" అంది.

పిల్లకి పన్నెండు రోజులు మాత్రలు వేస్తే పురుగు పోతుంది. అది నాకు తెలుసు. కానీ ఆ పురుగు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో వాళ్ళు సందులోనే ఉంటే దోమ మళ్ళీ తెస్తుంది, మళ్ళీ, మళ్ళీ. అలా కొన్నాళ్ళు సాగితే లోపలి నాళాలు దెబ్బతిని కాలు పొంగుతుంది. పొంగిన కాలు ఇక మామూలుకి రాదు. మా అమ్మ పాపాయమ్మ ముప్పయ్యేళ్ళు అలాంటి కాలు ఈడ్చుకుని బతికింది. చర్చిలో ఆఖరి వరసలో, చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కుని కూర్చునేది. పాట పాడేటప్పుడు కూడా లేచేది కాదు. నా జాయ్ అలా కూర్చోకూడదు. ఆ పురుగులు మోస్తున్నవాడెవడో దొరికేదాకా నిద్రపోనని ఒట్టు పెట్టుకున్నాను.

సందులో ఎనిమిది ఇళ్ళు, ముప్పై నలుగురు మనుషులు. రెండు రాత్రులు అందరి వేళ్ళూ పొడిచాను. నా వేలూ పొడుచుకున్నాను. ఎవరి నెత్తుట్లోనూ ఏమీ లేదు. పదిహేను రోజులు ఆగి మళ్ళీ తీశాను. ఊహూఁ. 

మా యూనిట్లో కొండబాబు దోమలు పట్టేవాడు. పొద్దున్నే ఇళ్ళలోకి వెళ్ళి, టార్చి వేసి, గోడ మీద వాలిన దోమని గాజుగొట్టంతో పీల్చి పడతాడు. తర్వాత సూదితో దాని పొట్ట విప్పి చూస్తాం. ఒకరోజు వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మేడంగారూ, రెండు దోమల్లో పురుగులున్నాయండీ. బాగా ఎదిగినియ్యేనండీ."

"ఎక్కడ పట్టావు?"

"మీ సందులోనేనండీ. ఎవళ్ళో ఉన్నారండీ. దొరకట్లేదంతే."

ఆ మాటతో నాకు సందంతా కొత్తగా కనబడింది. ఎవరు నవ్వుతూ పలకరించినా వాళ్ళ చేతుల కేసి, వేళ్ళ కేసి చూసేదాన్ని. ముప్పై నలుగురిలో ఒకరి ఒంట్లో అవి ఈదుతున్నాయి. నేను సూది పట్టుకుని వెళ్ళేసరికి దాక్కుంటున్నాయి. నన్ను చూసే దాక్కుంటున్నాయేమో అని కూడా అనిపించేది. పిచ్చి ఊహే, కానీ అర్ధరాత్రి ఒంటరిగా గాజుపలకలు మోసుకొస్తుంటే అది పిచ్చిలా ఉండదు.

అప్పుడు గుర్తొచ్చాడు సాయిబాబు. మాకు మూడిళ్ళవతల. పద్నాలుగేళ్ళు కువైట్లో ఒక గోడౌనుకి రాత్రి కాపలా కాసి, మూడేళ్ళ కిందట వచ్చేశాడు. ఇక్కడికొచ్చినా రాత్రి నిద్ర పట్టదు. లైటు కూడా వెయ్యకుండా అరుగు మీద కూర్చుని ఉంటాడు. నేను సందులోకి రాగానే చీకట్లోంచి "మంచినీళ్ళు తాగుతారా అండీ, రెబెకమ్మగారూ?" అని గొంతు వినపడుతుంది. ప్రతిసారీ ఉలిక్కిపడతాను. తెల్లారితే పడుకుంటాడు. జాయ్ బడి వదలగానే వాళ్ళింటికే పోతుంది, టీవీలో బొమ్మలు చూడ్డానికి.

శిక్షణలో విన్న ఒక ముక్క ఇరవై మూడేళ్ళ తర్వాత చటుక్కున తట్టింది. ఆ పురుగులు సూర్యుణ్ణి చూసి కదలవు, మనిషి నిద్రని చూసి కదులుతాయి. రాత్రి మేలుకుని పగలు పడుకునేవాడి ఒంట్లో అవీ వేళ మార్చుకుంటాయి. అలాంటివాడి నెత్తురు రాత్రి తీస్తే ఏం దొరుకుతుంది, నా తలకాయ!

నాకు ముక్కు మీదే కోపం. ఆగి ఆలోచించే గుణం దేవుడు పెట్టలేదు. మర్నాడు కుళాయి దగ్గర సాయిబాబు భార్య కుసుమ బిందె పట్టుకుంటుంటే అందరి ముందూ అనేశాను. "మీ ఆయన నెత్తురు పగలు చూడాలి. ఆ పురుగులు మీ ఇంట్లోనే ఉన్నాయి. అంతవరకూ మా పిల్ల మీ గడప తొక్కదు."

కుసుమ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా వాళ్ళింటికి పిల్లలు పోవడం మానేశారు. టీకొట్లో సాయిబాబు కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదని కొండబాబు చెప్పాడు. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళాను. మామూలుగా అది నేను గాఢనిద్రలో ఉండే వేళ. మా సందు మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చూసి ఎన్నాళ్ళయిందో! జనమంతా చర్చిలో ఉన్నారు. మనిషి లేడు, నీడ లేదు. కొబ్బరాకు కదలట్లేదు. దూరంగా మైకులో పాట వస్తోంది గాని మాటలు తెలియట్లేదు. మా సొంత సందులో నాకు దారి తప్పినట్టనిపించింది. రాత్రి ఎప్పుడూ భయపడనిదాన్ని, ఆ ఎండలో వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను.

కుసుమ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. సాయిబాబు నిద్రకళ్ళతోనే అరుగు మీదికి వచ్చి చెయ్యి చాపాడు.

"ఎన్ని కావాలంటే అన్ని చుక్కలు తీసుకోండి. పిల్ల కోసమే కదండీ."

మైక్రోస్కోపు కూడా తీసుకెళ్ళాను. అరుగు మీదే పెట్టి, చుక్క ఆరకముందే చూశాను. బతికున్నవైతే కదులుతూ కనిపిస్తాయి. ఒక చుక్క, రెండో చుక్క, మూడో చుక్క. నెత్తుటి కణాలు తప్ప ఏమీ లేవు. ఇంకో వేలు పొడిచాను. దాంట్లోనూ ఏమీ లేదు.

"లేవు," అన్నాను.

"ఇప్పుడీ మాట కుళాయి దగ్గరే చెప్తారా అండీ?" అంది కుసుమ. ఏడుస్తోంది. "నాలుగు రోజుల్నించీ బయటికి రాలేదండీ నేను. తోటికోడలు కూడా ఫోనెత్తట్లేదు."

"ఊరుకోవే," అన్నాడు సాయిబాబు. తర్వాత నాకేసి తిరిగి, ఏ కల్మషమూ లేకుండా అడిగాడు. "మరి మీరూ నాలాగే కదండీ? రాత్రంతా తిరిగి పగలు పడుకుంటారు. మీది చూసుకున్నారా అండీ?"

"ఎందుకు చూసుకోనండీ? ఏటా చూసుకుంటాను. ఈసారి రెండుసార్లు చూసుకున్నాను."

"ఎప్పుడండీ?"

"రాత్రే," అన్నాను.

అని, ఆ మాట నా నోట్లోంచి పడ్డాక, అలాగే కూర్చుండిపోయాను. సాయిబాబుకి ఏమీ అర్థం కాలేదు. మంచినీళ్ళు తెమ్మని కుసుమతో అన్నాడు. నేను సామాను సర్దుకుని లేచాను. నడుస్తూనే కొండబాబుకి ఫోను చేశాను.

"దోమలు ఏ ఏ ఇళ్ళల్లో పట్టేవురా?"

"సందంతానండీ. అన్నిళ్ళూనండీ."

"అన్నీనా?"

"ఆయ్. మీదొక్కటే చూళ్ళేదండీ. నేనొచ్చే వేళకి మీరు పడుకునుంటారు కదండీ. పెద్దవారు, రాత్రంతా తిరిగొచ్చేరు, లేపడం బాగోదని."

ఇరవై మూడేళ్ళు ఊరందరి నిద్రా పాడుచేశాను. నా నిద్ర ఒక్కటీ ఎవరూ పాడుచెయ్యలేదు.

మా పడగ్గది కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంటుంది, పగలు నిద్ర పట్టాలని. తలుపు వేసి టార్చి వెలిగించాను. గోడ ఖాళీగానే ఉంది. కొక్కేలకి వేలాడుతున్న చీరలు పక్కకి తీశాను. వెనకంతా అవే. ఎగరట్లేదు. కదలట్లేదు. ఒక్కోదాని పొట్టా ఎర్రగా ఉబ్బి ఉంది. ఇన్నేళ్ళూ అక్కడే ఉండి నేను పడుకోవడం కోసం చూస్తున్నాయి.

ఒక మాట మీకింతవరకూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. ఏటా ఊరందరికీ బోదకాలు మాత్రలు పంచేటప్పుడు జనం చేత మింగించేదాన్నే గాని నేను మింగేదాన్ని కాదు. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి మింగితే ఆ రాత్రి చలిజ్వరం వచ్చింది, తల తిరిగింది. ఊళ్ళోవాళ్ళకి అలా వస్తే, "లోపల పురుగులు చస్తున్నాయి, మంచిదే" అని ధైర్యం చెప్పేదాన్ని. నాకొచ్చేసరికి, ఈ మాత్రలు నా ఒంటికి పడవు అనుకున్నాను. అప్పట్నుంచీ జనం ముందు నీళ్ళు గుటకేసి మాత్ర కొంగున ముడేసుకునేదాన్ని. నేను మింగకపోతే వాళ్ళు మింగరు కదా.

ఎడమచేతి వేలు పొడుచుకున్నాను. నొప్పి తెలియలేదు. మైక్రోస్కోపు గుమ్మంలో వెలుగుకి పెట్టి, కన్ను ఆనించాను.

ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. ఉడుకుతున్న సేమ్యాలా కదులుతున్నాయి. నెత్తుటి కణాల్ని అటూ ఇటూ తోసుకుంటూ, ఏ తొందరా లేకుండా, సొంత ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి. లెక్కపెట్టడం అలవాటు. లెక్కపెట్టబోయి ఆపేశాను. ఇన్ని రాత్రులు ఊరంతా వెతికాను, చంకలో పిల్లని పెట్టుకుని వెతికిన దానిలాగా. ఆదివారం ఆదివారం జాయ్ చర్చినుంచి వచ్చి, ఈ చీకటిగదిలో నా చంకలో దూరి పడుకునేది. దానికి మెత్తగా ఉండాలని నా చీర కప్పేదాన్ని. దేవుడా, నా చేతులతో నేనే!

చెప్పుల చప్పుడు వినపడింది. లేచి తలుపు మూసి గడియ పెట్టేశాను.

"అమ్మమ్మా, తలుపు తియ్యి. నాకు నిద్దరొస్తోంది."

"ఇక్కడొద్దమ్మా. కుసుమత్త ఇంటికి పో. అక్కడ పడుకో."

"వాళ్ళింటికి వెళ్ళొద్దన్నావు కదా? అక్కడ పురుగులున్నాయన్నావు?"

"తప్పు చెప్పేనమ్మా. ఆ ఇంట్లో ఏం లేవు."

తలుపు సందులోంచి దాని నీడ కనబడుతోంది.

"మరి ఎక్కడున్నాయి?"

ఊళ్ళో ఎన్ని ఇళ్ళ గుమ్మాల్లో 'మీలో ఉన్నాయి' అని గట్టిగా చెప్పానో, ఎంత సులువుగా చెప్పానో.

"నాలో ఉన్నాయమ్మా," అన్నాను.

దానికేం అర్థమైందో తెలీదు. దాని అడుగుల చప్పుడు కుసుమ గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడేదాకా గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.