తువాలు కింది చేతులు

వనపర్తిలో సుగుణమ్మ నడిపే టిఫిన్ హోటల్ కిస్తులు ఆగిపోయాయి. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు సామాను వేలానికి పెట్టారు. గోడ మీది బొమ్మ కూడా పోతోందని ఆమె ఫోన్ చేస్తే, దాన్ని వేసిన యేసుబాబు పెబ్బేరు నుంచి బస్సెక్కి వచ్చాడు. దుకాణాలకు బోర్డులు రాయడం అతని పని. తన ఇష్టానికి వేసుకున్న బొమ్మ అదొక్కటే.

అతను చేరేసరికి ఫ్రిజ్, కుర్చీలు, పెద్ద దోసె పెనం అమ్ముడైపోయాయి. సుగుణమ్మ ఇంకా కౌంటర్ వెనకే నిలబడి ఉంది, ఎవరో బిల్లు కట్టడానికి వస్తారన్నట్టు.

కంపెనీ మనిషి శ్రవణ్ కుమార్ బొమ్మ దింపి గోడకు ఆనించాడు. అందులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్ల చేతుల మీద ఎర్ర తువాలు కప్పి ఉంది. వెనకాల ఇంకొకడు తాడు పట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఏం బొమ్మ ఇది? ఏమని చెప్పి పాట పెట్టాలె?" అన్నాడతను.

"దోస్తులు చెయ్యి కలిపిండ్రు సార్," అంది సుగుణమ్మ. "రోజూ చూస్త గద."

"కాదక్కా," అన్నాడు యేసుబాబు. "మా పెబ్బేరు సంత. తువాలు కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటున్నరు. ఇద్దరూ దళారులే. ఎద్దు గా ఎనకున్నాయనది. ఎంతకు పోతుందో ఆయనకు తెల్వదు."

"ఎద్దేది మరి?" అంది సుగుణమ్మ.

"మొదలు గీసిన. తర్వాత రంగేసి కప్పేసిన."

"గాయన ఎవరు?"

"మా నాయన."

సుగుణమ్మ కౌంటర్ మీంచి వంగి బొమ్మలో వెనకున్న మనిషిని చూసింది. శ్రవణ్ కుమార్ వాచీ చూసుకుని గొంతు పెంచాడు.

"స్నేహం బొమ్మ. టేకు ఫ్రేము. అద్దం మంచిగున్నది."

యేసుబాబు ఒక్కసారి వేలంపాట పాడాడు. నాగర్‌కర్నూల్‌లో అద్దాల దుకాణం ఉన్న చిన్నయ్య దానిమీదికి పాడాడు. యేసుబాబు ఇక ఊరుకున్నాడు.

చిన్నయ్య అక్కడే మేకులు పీకి, బొమ్మ ఉన్న బట్టను చుట్ట చుట్టి అతని చేతికిచ్చాడు.

"నాకు ఫ్రేముతోనే పని. గిది నువ్వు తీస్కపో."

సంతోషం కలగాలి కదా అనుకున్నాడు యేసుబాబు. కలగలేదు.

"పోదామా అక్కా?"

"వాళ్లు తాళమేసినంక పోత."

ఇంటికొచ్చాక భార్య శాంతమ్మ అడిగింది.

"బొమ్మ ఎవరన్న కొన్నరా?"

"ఫ్రేము కొన్నరు."

ఆమె అన్నం పెట్టింది. అతను చేతులు కడుక్కుని కూర్చున్నాడు. మంచం మీది చుట్టను ఇద్దరిలో ఎవరూ విప్పలేదు.