బోర్లించిన బకెట్

"నీళ్లు చూసి పో" అని బావ ఫోన్ చేస్తే బోరు ఎండిపోయిందనుకున్నాను. బావులు తవ్వేవాణ్ణి ఇంకెందుకు పిలుస్తారు? తాళ్లు, గిలకలు బండి మీద వేసుకుని తెల్లారేసరికి అక్కడున్నాను.

అక్క కోళ్ల షెడ్డు ముందు నిలబడి ఉంది. చేతిలో నీలం బకెట్. నిండా చచ్చిన కోళ్లు.

"పదిహేడు," అంది. "నిన్న పదమూడు. పది రోజుల్లో కోళ్ల కంపెనీ సూపర్‌వైజరు మళ్లీ వస్తాడట. అప్పటికీ ఇలాగే చస్తుంటే ఇక కోడిపిల్లల్ని దింపం, షెడ్డుకి తాళం వేసుకోండి అని చెప్పి పోయాడు."

ఆ షెడ్డుకి ఇటుకలు మోసింది అక్కే. నెత్తి మీద జుట్టు అరిగిపోయేదాకా మోసింది. నేను చూశాను.

బకెట్‌లోంచి ఒక కోడిని తీసి కింద పెట్టింది. తల మీద ఎర్రగా ఉండాల్సిన తురాయి నీలంగా ఉంది. పొట్ట తిత్తిలా బిగిసింది. అక్క కత్తి మొన తగిలించగానే పసుపుపచ్చని నీళ్లు నేల మీదికి జారాయి. గ్లాసుడు ఉంటాయి.

ఇంతలో బావ వచ్చాడు. మనిషికన్నా ముందు మాట వచ్చింది. "చూశావా బామ్మర్దీ! డాక్టరు గారు ఫోన్లోనే పట్టేశారు. పొట్టలో నీళ్లు చేరుతున్నాయన్నారు. అంతే, ఆ రోజు నుంచి పూటకి గంటసేపే నీళ్లు పెడుతున్నాను. అయినా చస్తున్నాయంటే మన బోరు నీళ్లలోనే ఏదో ఉంది."

"డాక్టరు గారు ఇంకేమన్నారు?"

"ఇంకేమంటారు? సంగతి తెలిసిపోయాక ఫోన్ పెట్టేశాను."

"ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే మనిషి," అంది అక్క. "నాకు ఇరవై ఏళ్లుగా అలవాటే. పాపం కోళ్లకి కొత్త."

బోరు నీళ్లు దోసిట పట్టి తాగాను. ఉప్పు తగల్లేదు. తియ్యగా ఉన్నాయి. తప్పు నీళ్లలో లేదు.

లోపలికి వెళ్లాం. చలికాలమని బావ నాలుగు వైపులా పరదాలు దించి, వాటి అంచుల మీద ఇసుక మూటలు పెట్టాడు. "చీమ దూరే సందు లేదు," అన్నాడు గర్వంగా. "ఈ వయసుకి ఇంత బరువున్న కోళ్లు ఇంకెవరి షెడ్డులోనూ లేవు తెలుసా? దిష్టి తగిలింది. చచ్చేవన్నీ పెద్దవే."

అవి ఆ చలిలో నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. చలిలో రొప్పేదేదైనా గాలి అడుగుతున్నట్టే.

పాత బావిలో దిగేవాడు గాలిని నిలబడి చూడడు. చెడ్డ గాలి అడుగున ఉంటుంది. గొంతుక్కూర్చున్నాను. అదీ చాలక కోళ్ల కింద పరిచిన పొట్టు మీద చెంప ఆనించాను. కళ్లు భగ్గుమన్నాయి. పది ఊపిర్లు లెక్కపెట్టేలోపే లేవాల్సి వచ్చింది.

"బావా, కూర్చో."

"ఎందుకు?"

"కోడి ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో కూర్చో."

కూర్చున్నాడు. మాట్లాడుతూనే కూర్చున్నాడు. "ఏముందిరా ఇక్కడ, పొట్టు, రెట్ట, ఇంకే..." అంటూ దగ్గాడు. బావ మాట మధ్యలో ఆగిపోవడం నేను చూడటం అదే మొదలు.

"ఇది నీళ్ల జబ్బు కాదు బావా. గాలి జబ్బు."

అక్క అప్పటికే డాక్టరుకి ఫోన్ చేసేసింది. ఈసారి మాట మొత్తం విన్నాం.

"త్వరగా పెరిగే కోడికి గాలి ఎక్కువ కావాలమ్మా," అన్నారు ఆయన. "అది చాలకపోతే ఊపిరితిత్తుల్లోకి రక్తాన్ని తోసి తోసి గుండె సాగిపోతుంది. అప్పుడు రక్తంలో నీరు పొట్టలోకి ఊరుతుంది. అది చెబుదామంటే మీ ఆయన పెట్టేశారు. నీళ్లు ఆపకండి. చలిగాలి నేరుగా తగలనివ్వకండి, అదీ గుండెకి బరువే. ఇప్పటికే పొట్ట నిండినవి దక్కవు. మిగతావాటిని కాపాడుకోండి."

"గాలి రావాలట, చలి తగలకూడదట!" అన్నాడు బావ. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

ఆ పరదాలు కింది నుంచి పైకి చుట్టేవి. కాస్త ఎత్తితే చలి నేరుగా కోళ్ల మీద పడుతుంది. నేను వాటిని తలకిందులు చేశాను. కింది అంచుని పిట్టగోడకి బిగించి, పై అంచుకి తాళ్లు కట్టి, నా గిలకలు ఎనిమిదీ దూలాలకి వేలాడదీశాను. తాడు వదిలితే పైన మూరెడు సందు. చెడ్డ గాలి కోళ్ల వేడికి పైకి లేచి అటునుంచి పోతుంది, చలి కోళ్ల మీద పడదు. బావ ఇసుక మూటలు మోశాడు. అక్క నీళ్ల డబ్బాల కింద అట్టకట్టిన తడి పొట్టంతా గోకి, పొడిది పోసింది. డబ్బాలు నింపింది. కోళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగాయి.

మర్నాడు బకెట్‌లో పదహారు. బావ నా వైపు చూశాడు. నేను తాడు వైపు చూశాను. తర్వాత పన్నెండు. తర్వాత తొమ్మిది. అయిదో రోజు ఈదురుగాలి లేచింది. బావ చెయ్యి సందు మూసెయ్యాలని తాడు మీదికి పోయింది.

"ముందు కూర్చోండి," అంది అక్క.

కూర్చుని వాసన చూశాడు. లేచి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు. రెండు. ఒకటి.

పదో రోజు సూపర్‌వైజరు వచ్చాడు. అలవాటు కొద్దీ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బండి దిగాడు.

"బకెట్ ఏదమ్మా?"

అక్క దాని మీదే కూర్చుని ఉంది. పొద్దున్నే కడిగి బోర్లించి, పీట చేసుకుని, నీళ్ల డబ్బాలు తోముతోంది. "నేను కూర్చున్నదేంటి మరి?" అంది.

అతను నమ్మలేదు. లోపలికి పోయి ఆ చివరి దాకా నడిచాడు. వెనకే బావ.

"నిలబడి చూస్తే తెలీదు సార్. కోడి ఎత్తులో కూర్చోండి."

ప్యాంటు ముడతలు చూసుకుంటూ గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి రుమాలు తీశాడు. ఇంకాసేపటికి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గిలకలు లెక్కపెట్టి, ఒక తాడు లాగి చూసి, వదిలాడు. బయటికొచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"తర్వాతి బ్యాచ్ పిల్లల్ని ఎప్పుడు దింపమంటారు?"

షెడ్డు కట్టిన ఆరేళ్లలో అతను అడగడం అదే మొదలు. ఎప్పుడూ చెప్పిపోవడమే.

బావ నోరు తెరిచాడు. అక్క వైపు చూశాడు. మూశాడు.

అక్క బకెట్ మీంచి లేవలేదు. చేతిలో డబ్బా తోమడం పూర్తిచేసి, నీళ్లు వంచి పక్కన పెట్టింది.

"చెబుతాను," అంది. "కానీ మొత్తం విని వెళ్లండి."

నా గిలకలు ఆ షెడ్డులోనే ఉండిపోయాయి. నేను కొత్తవి కొనుక్కున్నాను.